వెంటిలేటర్ వస్తే చాలదు, నడిపే మనుషులూ రావాలి

పోయిన వానాకాలంలో మా మండలంలో సంఘం సభ్యుడొకరిని కట్లపాము కరిచింది. ఇంట్లో నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచాడు. కాటు గుర్తు కనబడలేదు, నొప్పీ లేదు. గ్యాస్ అనుకున్నారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. అప్పుడు మాకు ఫోను చేశారు.

దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో పాముకాటు మందు ఎక్కించారు. ఊపిరి తగ్గిపోతోంది, వెంటిలేటర్ పెట్టాలి, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి అన్నారు. అక్కడ వెంటిలేటర్ లేక కాదు. కవరు కప్పినవి రెండు ఒక గదిలో ఉన్నాయి. మత్తు డాక్టరు లేడు, ఆ పని నేర్చిన నర్సు లేదు. రెండు గంటల దారి పొడుగునా అంబులెన్సు సిబ్బంది చేత్తో బ్యాగు నొక్కుతూ ఊపిరి పోశారు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

పెద్దాసుపత్రిలో మూడో రోజుకీ కాలూ చేయీ కదల్లేదు. కంట్లో లైటు వేసినా చలనం లేదు. బంధువులు ఆశ వదులుకుని ఇంటికి తీసుకుపోదామన్నారు. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "విషం నరాలను కట్టేసింది గానీ మెదడు బాగానే ఉంది. మీ మాటలు వినబడుతుండొచ్చు, పక్కన ఏడవకండి" అంది. ఆరో రోజు వేలు కదిలింది. ఇవాళ ఆయన పొలంలో ఉన్నాడు.

వెంటిలేటర్ ఎక్కించారంటే మనిషి పోయినట్టేనని మన ఊళ్లలో అనుకుంటాం. అన్ని జబ్బులకూ అది నిజం కాదు. కట్లపాము, నాగుపాము విషానికి ఊపిరి ఆడించే కండరాలు పడిపోతాయి, ఊపిరితిత్తులు మాత్రం బాగానే ఉంటాయి. విషం దిగేదాకా ఊపిరి నిలబెడితే మనిషి లేచి నడుస్తాడు. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి పురుగుమందులు ఒంట్లోకి వెళ్లినా చాలామందికి ఇదే అవసరం పడుతుంది. తేరుకున్నాడనుకున్న మనిషికి ఒకటి నుంచి నాలుగు రోజుల లోపు మళ్లీ ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే డాక్టరు చెప్పకుండా ఇంటికి తీసుకురాకూడదు.

మిషను ఒక్కటే ఈ పని చేయదు. మోటారు బిగిస్తే పైరు పండుతుందా? నీళ్లు కట్టే మనిషి ఉండాలి కదా. గొంతులో గొట్టం ఉన్న మనిషి దగ్గలేడు, కాబట్టి కళ్లె ఎప్పటికప్పుడు తీయాలి. తలవైపు మంచం ఎత్తి ఉంచాలి. నోరు శుభ్రం చేయాలి. పుండ్లు పడకుండా పక్కలు మార్చాలి. గాలి ఎక్కువైతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, మనిషి పొడుగును బట్టి కొలత పెట్టాలి. మత్తు రోజూ తగ్గించి సొంతంగా ఊపిరి తీస్తున్నాడేమో చూడాలి. ఇవి తప్పితే విషం నుంచి బయటపడ్డ మనిషి న్యుమోనియాతో పోతాడు. అందుకే వెంటిలేటర్ మీదున్న ఒక్కో రోగికి ఒక నర్సు ఉండాలంటారు.

1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో ముంచుకొచ్చింది. చాలినన్ని యంత్రాలు లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు చెప్పిన పద్ధతిలో దాదాపు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబగళ్లు చేత్తో బ్యాగులు నొక్కి ఎందరినో బతికించారు. అక్కడ యంత్రాలు లేకున్నా మనుషులు నిలబడ్డారు. మన దగ్గర యంత్రాలున్నాయి, మనుషులు లేరు.

కరోనా కాలంలో 2020లో పీఎం కేర్స్ నిధి నుంచి 50 వేల వెంటిలేటర్లకు రూ.2,000 కోట్లు ఇచ్చామని కేంద్రం ప్రకటించింది. నడిపేవాళ్ల జీతాలకు ఎంత ఇచ్చారని అడిగితే జవాబుండదు. దేశంలో పాముకాటుతో ఏటా సుమారు 58 వేల మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. చావులు ఎక్కువగా ఉన్న 8 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2030 నాటికి ఈ చావులను సగానికి తగ్గిస్తామని 2024 మార్చిలో కేంద్రం జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరును వేయకుండా ఎలా తగ్గిస్తారు?

మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి ఏరియా ఆసుపత్రిలో కనీసం రెండు వెంటిలేటర్ పడకలు 24 గంటలూ పనిచేయాలి.

2. మత్తు డాక్టరు, శిక్షణ పొందిన నర్సుల పోస్టులు కాంట్రాక్టుతో కాకుండా రెగ్యులర్‌గా నింపాలి.

3. పెద్దాసుపత్రికి పంపేముందు గొట్టం వేసి, బ్యాగు నొక్కే మనిషిని తోడిచ్చి పంపాలి.

4. మూలనపడ్డ యంత్రాల లెక్క ఆసుపత్రివారీగా బయటపెట్టాలి.

సభ్యులుగా మన పనీ ఉంది. వానాకాలంలో నేల మీద పడుకోవద్దు, మంచం వేసుకుని దోమతెర కట్టుకోండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం వేయించడం వద్దు. నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లండి. మండల కమిటీలు తమ ఏరియా ఆసుపత్రికి వెళ్లి ఎన్ని వెంటిలేటర్లున్నాయి, ఎన్ని నడుస్తున్నాయి, రాత్రి ఎవరుంటారు అని రాసుకుని రావాలి. ఆ కాగితాలన్నీ పట్టుకుని వచ్చే నెల కలెక్టరేట్‌కు వెళ్దాం. మా మండలం కాగితం సిద్ధంగా ఉంది.