కువైత్ మహిళా పోలీసు: ఇరవైతొమ్మిదో అధికరణలోని ఒక మాట

కువైత్ యువతులు పోలీసు దుస్తుల్లో కవాతు చేస్తున్న ఫోటో వెలువడిన ప్రతిసారీ మన పత్రికలు, చానెళ్లు దాన్ని ‘తొలిసారి’ అన్న మాటతోనే అందిస్తున్నాయి. మూడు వేర్వేరు వ్యవస్థలను ఒకే గాటన కట్టడం వల్ల వస్తున్న పొరపాటు ఇది. పోలీసు శిక్షణ పూర్తి చేసిన మహిళల తొలి బృందం బయటికి వచ్చింది 2009లో. పబ్లిక్ ప్రాసిక్యూషన్ తలుపు వారికి తెరుచుకున్నది 2012 నాటి ఒక కోర్టు తీర్పు తరువాత. సైన్యంలోకి తీసుకుంటామని రక్షణ మంత్రి ప్రకటించింది 2021 అక్టోబరులో. ఈ మూడింటి చట్టపరమైన పునాదులు వేరు, ఆ పునాదుల బలమూ వేరు. చట్టాన్ని అమలుచేసే ఉద్యోగం కోసం సిద్ధమవుతున్న కువైతీ యువతికి ఆ ఉద్యోగం రేపు ఏ మేరకు నిలుస్తుందన్నది ఈ పునాది మీదే ఆధారపడి ఉంది. ఆమె ఎదుట నిలబడి గోడు చెప్పుకోవలసి వచ్చేవారిలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి వెళ్లిన స్త్రీలు కూడా ఉన్నారు కనుక, ఈ తేడా తెలుగువారికి సంబంధం లేని విషయం కాదు.

పోలీసు శాఖ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. సాద్ అల్ అబ్దుల్లా భద్రతా శాస్త్రాల అకాడమీ పరిధిలో మహిళలకు శిక్షణ మొదలైంది. విమానాశ్రయంలో తనిఖీ, మహిళా ఖైదీల కాపలా, అనుమానితురాళ్ల సోదా వంటి పనులు వారి చేతికి వచ్చాయి. స్త్రీని స్త్రీయే సోదా చేయాలన్న మాటను సంప్రదాయవాదులు కూడా కాదనరు కనుక ఇక్కడ పెద్ద వివాదం లేదు. వివాదమంతా నిర్ణయాధికారం ఉన్న కుర్చీ దగ్గర, అంటే ఎవరిని ప్రశ్నించాలో, ఏ సెక్షన్ పెట్టాలో, ఎవరిని విడిచిపెట్టాలో తేల్చే స్థానం దగ్గర మొదలవుతుంది. ఆ కుర్చీ స్త్రీకి హక్కుగా దక్కుతుందా, దయగా దక్కుతుందా అన్న ప్రశ్నకు జవాబు రాజ్యాంగంలోని ఒక్క మాటలో ఉంది.

1962 నవంబరు 11న వెలువడిన కువైత్ రాజ్యాంగంలోని 29వ అధికరణ, మనుషులందరూ మానవ గౌరవంలోనూ చట్టం ముందు హక్కుల్లో, బాధ్యతల్లోనూ సమానులని చెప్పి, ‘జిన్స్’, మూలం, భాష, మతం అనే నాలుగింటిని బట్టి తేడా చూపరాదంటుంది. ప్రచారంలో ఉన్న ఆంగ్లానువాదం ఈ ‘జిన్స్’ అన్న అరబ్బీ మాటకు ‘జాతి’ అని అర్థం రాసింది. ఆ అనువాదాన్నే ఆధారం చేసుకున్నవారు కువైత్ రాజ్యాంగంలో స్త్రీపురుష సమానత్వం ఊసే లేదని తేల్చేస్తున్నారు. అరబ్బీ మూలం చూస్తే ఆ తీర్మానం నిలవదు. సార్వజనీన మానవ హక్కుల ప్రకటన అరబ్బీ పాఠంలో జాతికి ‘ఉన్సుర్’ అన్న మాట, స్త్రీపురుష భేదానికి ‘జిన్స్’ అన్న మాట పక్కపక్కనే, వేర్వేరు అర్థాల్లో కనిపిస్తాయి. కువైత్ రాజ్యాంగకర్తలు ఆ ప్రకటనను ఎదుట పెట్టుకునే రాశారనడానికి సాక్ష్యం వారి వివరణ పత్రంలోనే ఉంది. వివరణ పత్రమంటే అధికరణల ఉద్దేశాన్ని తెలుపుతూ రాజ్యాంగంతో పాటు వెలువడిన అధికారిక పత్రం. మానవ హక్కుల ప్రకటనలో ఉన్న ‘రంగు’, ‘సంపద’ అన్న మాటలను 29వ అధికరణలో ఎందుకు చేర్చలేదో ఆ పత్రం చెబుతుంది: దేశంలో జాతి వివక్ష అన్న అనుమానానికే తావు లేదని, ఆ అనుమానాన్ని తొలగించడానికి ఉన్న పాఠం చాలునని, సంపదను బట్టి తేడా చూపడం కువైత్ సమాజంలో అసలే లేదు కనుక దాన్ని ప్రత్యేకంగా నిషేధించనక్కర్లేదని. జాతి వివక్షకు తావే లేదన్నవారు నిషేధాల జాబితాలో జాతినే మొట్టమొదట ఎందుకు రాస్తారు? ఆ మొదటి మాటకు స్త్రీపురుష భేదమన్న అర్థం చెప్పుకుంటేనే అధికరణకూ, దాని వివరణకూ పొంతన కుదురుతుంది.

దీనికి రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ‘ఉన్న పాఠం చాలు’ అన్నారంటే ‘జిన్స్’లో జాతి కూడా ఇమిడి ఉందనే అర్థం కదా అన్నది మొదటిది, అందులో కొంత బలం ఉంది, అయితే పక్కనే ఉన్న ‘మూలం’ అన్న మాట ఆ పని చేస్తున్నప్పుడు ‘జిన్స్’ను అందుకు వాడుకోవలసిన అవసరం లేదు. అదే 1962లో వచ్చిన 35వ నంబరు ఎన్నికల చట్టం ఓటును పురుషులకే పరిమితం చేసింది కనుక రాజ్యాంగకర్తల మనసులో స్త్రీ లేదన్నది రెండోది, ఎక్కువగా వినిపించేది. అయితే భార్యకు పాస్‌పోర్టు ఇవ్వాలంటే భర్త సమ్మతి కావాలన్న పాస్‌పోర్టు చట్టం 15వ సెక్షన్ కూడా 1962 నాటిదే. 2009 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ సెక్షన్‌ను వ్యక్తి స్వేచ్ఛకూ, స్త్రీపురుష సమానత్వానికీ విరుద్ధమని కొట్టివేసింది. రాజ్యాంగం పుట్టిన ఏడాదే పుట్టినంత మాత్రాన ఒక చట్టం రాజ్యాంగానికి వ్యాఖ్యానం కాజాలదని ఆ తీర్పుతో తేలిపోయింది.

భారత రాజ్యాంగం 15వ అధికరణలో లింగభేదాన్ని స్పష్టంగా పేర్కొన్నది కనుక మన న్యాయవాదులకు ఈ పదచర్చ అవసరం పడలేదు. ఉద్యోగాల్లో మహిళలకు 30 శాతం ప్రాధాన్యమిచ్చిన ఆంధ్రప్రదేశ్ 22-ఎ నిబంధనను సుప్రీంకోర్టు 1995లో విజయకుమార్ కేసులో సమర్థించినప్పుడు చర్చ అంతా ప్రత్యేక సదుపాయం హద్దుల మీదే సాగింది. కువైత్ యువతి అంతకు ముందు మెట్టు దగ్గరే పోరాడవలసి వచ్చింది.

ఆ పోరాటం కోర్టులో గెలిచినచోట ఫలితం నిలిచింది, ఉత్తర్వుతో దక్కినచోట తరిగిపోయింది. 1999లో అమీర్ షేక్ జాబిర్ స్త్రీలకు రాజకీయ హక్కులిస్తూ డిక్రీ జారీ చేస్తే, అదే ఏడాది నవంబరులో జాతీయ అసెంబ్లీ 32–30 ఓట్లతో ఆ హక్కులను తోసిపుచ్చింది. చట్ట సవరణ రూపంలో అవి 2005 మే 16న 35–23 ఓట్లతో దక్కాయి. న్యాయ మంత్రిత్వ శాఖ ప్రవేశ స్థాయి ఉద్యోగాలను పురుషులకే పరిమితం చేస్తే ఒక న్యాయశాస్త్ర పట్టభద్రురాలు కోర్టుకు వెళ్లింది. 2012 ఏప్రిల్‌లో పరిపాలనా న్యాయస్థానం ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. ప్రాసిక్యూషన్‌లో చేరి అనుభవం గడించిన మహిళల్లో ఎనిమిది మంది 2020 సెప్టెంబరులో న్యాయమూర్తులుగా ప్రమాణం చేశారు. సైన్యం విషయం ఇందుకు విరుద్ధం. 2021లో మంత్రి నిర్ణయంతో ఇచ్చిన అవకాశానికి, పార్లమెంటులో నిరసన రేగి మతపరమైన అభిప్రాయం కోరిన తరువాత, 2022 ఆరంభానికల్లా సంరక్షకుడి సమ్మతి ఉండాలని, తల కప్పుకోవాలని, ఆయుధం పట్టరాదని షరతులు వచ్చిపడ్డాయి.

నిర్ణయాధికారం ఉన్న కుర్చీ గురించి మన పత్రికలు రాయని విషయం మరొకటి ఉంది. కువైత్ చట్టం నేరాలను రెండుగా విభజిస్తుంది: మూడేళ్లకు మించి శిక్ష పడేది ‘జినాయా’, అంతకు లోబడినది ‘జున్హా’. నేరాల మీద ప్రాసిక్యూషన్ నడిపే పని పబ్లిక్ ప్రాసిక్యూషన్‌దే అయినా, రాజ్యాంగం 167వ అధికరణ జున్హాలను మినహాయింపుగా భద్రతా శాఖకు అప్పగించవచ్చంటుంది. ఆ మినహాయింపు కింద దశాబ్దాల పాటు హోం మంత్రిత్వ శాఖలోని దర్యాప్తు అధికారులే ఈ కేసులను నడిపారు. ఏ నేరం ఏ గూటిలో పడుతుందన్నది ఎంత ప్రాణాంతకమో 1960 శిక్షాస్మృతి 153వ సెక్షన్ చూపిస్తుంది: భార్యనో, తల్లినో, కూతురినో, అక్కచెల్లెళ్లనో వ్యభిచార స్థితిలో పట్టుకుని చంపిన పురుషుడికి మూడేళ్ల జైలు, మూడు వేల రూపాయల జరిమానాలే గరిష్ఠ శిక్ష. రూపాయలని రాయడానికి కారణం, కువైత్ దినార్ రాకముందు అక్కడ చెలామణీ అయింది భారత రిజర్వ్ బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయి కావడమే. శిక్ష మూడేళ్లు దాటదు కనుక ఒక స్త్రీ హత్య జున్హా స్థాయికి దిగిపోయేది. ఆ సెక్షన్ 2025లో గాని రద్దు కాలేదు.

ఖాదిమా, అంటే ఇంటి పనిమనిషి, దెబ్బలు తిని మఖ్ఫర్ అనే పోలీసు స్టేషన్‌కు చేరినప్పుడు ఈ విభజనే ఆమె తలరాతను నిర్ణయిస్తుంది. వారానికొక సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, పాస్‌పోర్టు యజమాని లాక్కోరాదన్న నిషేధం 2015 నాటి 68వ చట్టంలో ఉన్నా, అకామా అనే నివాస అనుమతి కఫీల్ (హామీదారుగా ఉండే యజమాని) పేరుతో ముడిపడి ఉంటుంది. ఇల్లు విడిచి వచ్చిన మరుక్షణం ఆమె మీదే పరారీ ఫిర్యాదు రావచ్చు. ఆమె చెప్పినది అరబ్బీలో, కుడి నుంచి ఎడమకు సాగే అక్షరాల్లో కాగితం మీదికి ఎక్కుతుంది. అనువదించేవాడు పురుషుడైతే గదిలో జరిగిన దాన్ని ఆమె సగంలోనే ఆపేస్తుంది. చివర సంతకమో వేలిముద్రో ఎక్కడ పెట్టాలో వేలితో చూపించవలసి వస్తుంది. ఆ కాగితంలో ‘కొట్టాడు’ అన్న మాట మాత్రమే మిగిలితే జున్హా, ‘బలవంతం చేశాడు’ అన్నది కూడా మిగిలితే జినాయా. రెండో మాటను నోరు తెరిచి చెప్పనివ్వగల దర్యాప్తు అధికారిణి ఆ కుర్చీలో ఉండడం ఈ చర్చలో అన్నిటికంటే విలువైనది. కువైత్‌లోనే పుట్టి అరబ్బీ అనర్గళంగా మాట్లాడే తెలుగు అమ్మాయికి ఆ కుర్చీ అందదు. 1959 పౌరసత్వ చట్టం ప్రకారం జాతీయత తండ్రి నుంచి వస్తుందే తప్ప పుట్టిన నేల నుంచి రాదు. కాబట్టి మన స్త్రీల మాట వినవలసింది కువైతీ యువతే.

సైన్యానికి పెట్టిన షరతులను పోలీసు, దర్యాప్తు ఉద్యోగాలకూ విస్తరించాలనే వాదన ఇక ముందు వస్తే దానికి జవాబు 2009 తీర్పులోనే దొరుకుతుంది. వయోజనురాలైన స్త్రీ పాస్‌పోర్టు తీసుకోవడానికి భర్త సమ్మతి అక్కర్లేదని చెప్పిన రాజ్యాంగం, అదే స్త్రీ ప్రభుత్వోద్యోగంలో చేరడానికి తండ్రి సమ్మతి కావాలని చెప్పజాలదు. తన వృత్తిని తానే ఎంచుకునే హక్కు ప్రతి కువైతీకీ ఉందని 41వ అధికరణ చెబుతున్నప్పుడు ఆ ‘ప్రతి’లో కూతురు లేదనడానికి రాజ్యాంగ పాఠంలో ఆధారం లేదు. పార్లమెంటు 2024 మే నుంచి రద్దయి ఉండి చట్టాలు డిక్రీల రూపంలో వెలువడుతున్న ఈ కాలంలో, 29వ అధికరణలోని ‘జిన్స్’కు స్త్రీపురుష భేదమన్న అర్థాన్ని పోలీసు నియామక నిబంధనల్లోనే నేరుగా రాయించడం కువైతీ న్యాయవాదులు వెంటనే అడగవలసిన పని.