బండి కింద నీటి చుక్క



తెల్లవారి వాకిలి ఊడ్చేటప్పుడు, బండి నిలిపిన చోట నేల మీద అరచేయంత తడి కనబడితే మీరేం చేస్తారు? మేమైతే పదిహేను రోజులపాటు ఏమీ చేయలేదు. రేడియేటర్‌లో ఓ చెంబుడు నీళ్లు పోసి మా దారిన మేము పోయాము. ఆ అశ్రద్ధ వలన మేము పడిన బాధ మీలో ఎవరూ పడకూడదని ఈ నెల ఈ సంగతి వ్రాస్తున్నాము.

మా ఇంట్లో ఉన్నది పాత డీజిలు అంబాసిడర్. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది గాని, మా బండి మాత్రం ఇంటి అవసరాలకు ఇంకా తిరుగుతూనే ఉంది. ఒకనాడు వంగి చూడగా, వాటర్ పంపు అడుగున ఉన్న చిన్న రంధ్రంలో నుండి నీరు బొట్లు బొట్లుగా కారుతున్నది. చిల్లు పడింది కాబోలనుకొని ఎంసీల్ ముద్ద పెట్టి మూసివేశాము. కారడం ఆగింది. మా తెలివికి మేమే సంతోషించాము.

వారం తిరగక మునుపే, నొప్పులు పడుతున్న మా మేనకోడలిని ఆసుపత్రికి తీసుకొని వెళ్తుండగా ఇంజను ముందు భాగంలో గరగరమని శబ్దం వచ్చింది. కొంత దూరం పోయేసరికి ఫ్యాన్ బెల్టు తెగింది. ఆగితే ఆలస్యమవుతుందని అలాగే నడిపాము. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, ఆవిరి కమ్మింది, బండి ఆగిపోయింది. "ఇంకెంత దూరం మామయ్యా?" అని వెనుక సీటులో నుండి ఆ బిడ్డ అడుగుతుంటే మా దగ్గర జవాబు లేదు. దారిన పోయే ఆటో ఒకటి ఆగబట్టి సమయానికి చేరగలిగాము. తల్లీ బిడ్డా క్షేమం. ఇంజనుకు మాత్రం హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. పంపు ఖరీదుకు ఎన్నో రెట్లు ఖర్చయింది.

బండి విప్పిన మెకానిక్ మా ఎంసీల్ ముద్దను చూపించి, "అయ్యగారూ, ఇది చిల్లు కాదు, కంపెనీ వారే పెట్టిన రంధ్రం" అన్నాడు. డీజిలు మండినప్పుడు పుట్టే వేడిలో నాలుగో వంతు నుండి మూడో వంతు వరకు నీరే మోసుకొని రేడియేటర్‌కు చేర్చాలి. ఆ నీటిని తిప్పేది వాటర్ పంపు. పంపు షాఫ్టుకు ఒకవైపు నీరు, మరొకవైపు బేరింగు ఉంటాయి. రెంటికీ మధ్య సీలు ఉంటుంది. సీలు అరిగితే నీరు బేరింగులోకి పోకుండా బయటికి కారిపోవడానికే ఆ రంధ్రం. మేము దానిని మూసివేసేసరికి నీరు బేరింగులోకి చేరి గ్రీజును కడిగివేసింది. బేరింగు పట్టేసింది, బెల్టు తెగింది. నోరు తెరిచి హెచ్చరిస్తున్న దాని నోరు మేమే మూశామన్నమాట!

కాబట్టి నెలకొకసారి, ఇంజను పూర్తిగా చల్లారి ఆగి ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయండి. పంపు కింద తడి గాని, ఎండిన తెల్లని, ఎర్రని చారలు గాని ఉన్నాయేమో చూడండి. పుల్లీని పట్టుకొని ముందుకూ వెనుకకూ ఊపండి. అది కదలాడితే బేరింగు పోయినట్లే. బెల్టు మీద పగుళ్లుంటే మార్చండి. బెల్టు మరీ బిగుతుగా ఉన్నా బేరింగు త్వరగా అరిగిపోతుంది.

పంపు మార్చేటప్పుడు దగ్గరుండి గమనించండి. ముందుగా చల్లని ఇంజనులో నుండి నీరంతా దించివేయాలి. బెల్టు, ఫ్యాను తీసి పంపు బోల్టులు విప్పాలి. ఇంజనుకు అంటుకొన్న పాత ప్యాకింగును గీతలు పడకుండా శుభ్రంగా గీకి, కొత్త ప్యాకింగు వేయాలి. బోల్టులను ఒక వైపు నుండి కాక, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. హోస్ పైపులు మెత్తబడి ఉంటే అప్పుడే మార్చుకోవడం మంచిది. నీరు నింపిన తరువాత లోపల గాలి నిలిచిపోకుండా తీయించాలి. కొన్ని కార్లలో టైమింగు బెల్టే పంపును తిప్పుతుంది. అటువంటి వాటిలో రెండూ కలిపి మార్పిస్తే కూలి ఒక్కసారే అవుతుంది.

బోరు నీళ్లు పోయవద్దు. వాటిలోని ఉప్పు, సున్నం లోపల పేరుకొని తుప్పుకూ, సీలు అరుగుదలకూ కారణమవుతాయి. బండి పుస్తకంలో చెప్పిన కూలెంట్‌ను, చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడండి. అయితే ఒక జాగ్రత్త! చాలా కూలెంట్లలో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. దించిన కూలెంట్‌ను పెరట్లో పారబోస్తే కుక్కలు, దూడలు త్రాగి చనిపోగలవు. పిల్లలకు అందనివ్వకండి.

దారిలో ఇంజను వేడెక్కితే వెంటనే పక్కకు ఆపి, ఇంజను కట్టివేయండి. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత వంటిది. చల్లారక ముందు తీస్తే మరిగే నీరు ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. కాగిన ఇంజను మీద చన్నీళ్లు గుమ్మరిస్తే ఇనుము పగిలిపోవచ్చు. కనీసం అరగంట ఓపిక పట్టండి.

ఇప్పుడు మా ఇంట్లో వాకిలి ఊడ్చేవారికి ఒక పని అప్పగించాము. బండి కింద తడి కనబడితే వెంటనే మాకు చెప్పాలి. మా మేనకోడలి బిడ్డను ఎత్తుకొన్నప్పుడల్లా ఆ రోడ్డు, ఆ ప్రశ్న గుర్తుకు వస్తాయి. రేపు ఉదయం మీరు కూడా ఒకసారి మీ బండి కిందికి వంగి చూడండి.