ఊరికి పుట్టినరోజు కావాలా?

అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో గత్రీ అనే చిన్న పట్టణం ఉంది. దానికి పుట్టిన తేదీయే కాదు, గడియ కూడా ఉంది. 1889 ఏప్రిల్ 22, మిట్టమధ్యాహ్నం. ఉదయం రైలు స్టేషను తప్ప చెప్పుకోదగినదేమీ లేని చోట, చీకటి పడేసరికి సుమారు పదివేలమంది గుడారాలు వేసుకున్నారు. క్రీక్, సెమినోల్ తెగల చేతుల్లోంచి ప్రభుత్వం 1866లో రాయించుకున్న నేల అది. దానికి వారు పెట్టిన పేరు మాత్రం "ఎవరికీ కేటాయించని భూములు"!

మన నర్సంపేటకు ఇటువంటి తేదీ లేదు. లేనందుకు నొచ్చుకుని, పాకాల చెరువు వయస్సును ఊరికి అంటగట్టడం నాకు సమ్మతం కాదు. గణపతిదేవుని ఏలుబడిలో, 1213 ప్రాంతంలో, బయ్యన నాయకుని కుమారుడు జగదాళ ముమ్మడి కట్టించిన చెరువది. శాసనం చెరువును గురించినది, పేటను గురించినది కాదు.

పేట అంటే అంగడి కట్టిన చోటు. అంగడి ఒక్కనాట పుట్టదు. పడమట వరంగల్లు వైపు సాగుభూములు, తూర్పున పాకాల, కొత్తగూడ అడవులు. వరంగల్లు, ములుగు, మహబూబాబాదు దారులు ఇక్కడ కలుస్తాయి. కోయగూడేల ఇప్పపువ్వు, తేనె ఒకవైపు నుంచి, వడ్లు, ఉప్పు, బట్ట మరొకవైపు నుంచి వచ్చి ఎదురుపడిన చోటే ఈ పేట వెలసి ఉంటుందని నా ఊహ. రైలు నెక్కొండ మీదుగా పక్కనుంచి వెళ్ళిపోయినా ఊరు నిలిచిందంటే దానికి ఆ దారుల బలమే కారణం.

నిజాం కాలంలో ఈ తాలూకా పేరు పాకాల, కచేరీ ఉన్నది నర్సంపేటలో. క్రమంగా చెరువు పేరు జారిపోయి కచేరీ ఊరి పేరే తాలూకాకు మిగిలింది. ఇక జిల్లా సంగతి సరేసరి. 2016లో వరంగల్ రూరల్, 2021లో మళ్ళీ వరంగల్. సర్కారు కాగితాన్ని నమ్మి ఊరి వయస్సు లెక్కగడితే తేలేది ఈపాటిదే.

అందుచేత చరిత్ర రాయదలచినవారు తేదీని వెదకడం మాని, ఏ ఇంటి తాత ఏ ఊరినుంచి, ఏ సరుకుతో, ఏ దారిన వచ్చాడో అడిగి రాసుకుంటే మేలు. మొదట అడగవలసినది మాత్రం అడవి అంచు గూడేలలో. అంగడి లేనప్పుడు కూడా వారు అక్కడ ఉన్నారు.