కింది అంతస్తు ఎవరిది?

నగర ప్రణాళిక అనగానే అది ఇంజనీర్ల వ్యవహారమని మనం పక్కన పెట్టేస్తాం. కానీ వీధివైపు తెరుచుకునే కింది అంతస్తులో ఏ వ్యాపారం సాగాలి, ముందు ఎంత జాగా వదలాలి, వాహనాలు ఎక్కడ నిలపాలి అన్న నిబంధనలే అనేక కుటుంబాల జీవనోపాధిని నిర్ణయిస్తాయి. హైదరాబాద్ పాతబస్తీకి ఇది నేటి సమస్య.

ఎంజీబీఎస్ నుండి చాంద్రాయణగుట్ట వరకు తలపెట్టిన 7.5 కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం దారుల్‌షిఫా, మీర్ ఆలం మండీ, శాలిబండ ప్రాంతాల్లో రోడ్డు విస్తరణ చేపట్టారు. మెట్రో రావలసిందే; పాతబస్తీకి అది ఎప్పుడో దక్కవలసిన సౌకర్యం. అయితే స్థలానికి పరిహారం యజమానికి అందుతుంది. ఆ కింది గదిలో ఏళ్ల తరబడి అద్దెకుండి కుట్టుపనో, అత్తరు వ్యాపారమో చేసుకున్నవారి సంగతేమిటి?

2013 భూసేకరణ చట్టం వారిని విస్మరించలేదు. సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడే పనిచేస్తూ, ప్రధాన జీవనాధారం కోల్పోయే కౌలుదారులను, చేతివృత్తులవారిని కూడా అది బాధిత కుటుంబాలుగా గుర్తించింది. చేతివృత్తిదారునికి, చిన్న వ్యాపారికి, స్వయం ఉపాధి పొందేవారికి కనీసం 25,000 రూపాయల ఏకకాల సహాయం నిర్దేశించింది. ఆ మొత్తం స్వల్పమే. ఆ గుర్తింపు మాత్రం విలువైనది. దానిని అడిగి సాధించుకోవాలి.

అసలు ప్రమాదం విస్తరణ పూర్తయిన తరువాత ఉంది. వెడల్పయిన రోడ్డుకు ముఖంగా మిగిలిన స్థలానికి ధర పెరుగుతుంది. సెట్‌బ్యాక్, పార్కింగ్ షరతులు ఇరుకు స్థలాలకు పెనుభారమవుతాయి. అప్పుడు చిన్న స్థలాలు చేతులు మారి, నాలుగు దుకాణాలున్న చోట ఒకే పెద్ద షోరూం వెలుస్తుంది. ఎవరినీ వెళ్లగొట్టకుండానే నిబంధనలు ఆ పని పూర్తిచేస్తాయి.

దీనికి ప్రత్యామ్నాయం మన నగర చరిత్రలోనే ఉంది. 1908 మూసీ వరదల అనంతరం, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి పత్తర్‌గట్టిని తీర్చిదిద్దింది. కింద రాతి కమానుల నీడలో వరుస దుకాణాలు, పైన నివాసాలు. రోడ్డు విశాలమైంది, చిన్న వ్యాపారికీ చోటు మిగిలింది. నేడూ అటువంటి నిబంధన అసాధ్యం కాదు. చిన్న దుకాణాల పరిమాణాన్ని కాపాడాలి. ఇరుకు స్థలాలకు పార్కింగ్ షరతు సడలించి ఉమ్మడి పార్కింగ్ కల్పించాలి. పాత అద్దెదారుకు తిరిగివచ్చే తొలి అవకాశమివ్వాలి.

దుకాణం ముందు తోపుడుబండివారికీ చట్టం ఉంది. ముస్లిం పురుష కార్మికులలో 12 శాతానికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, దేశ సగటు 8 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ తెలిపింది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. యాభై ఏళ్లు దాటిన సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలి. పట్టణ విక్రయ కమిటీలో వ్యాపారుల ప్రతినిధులు 40 శాతానికి తగ్గరాదు; వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం కల్పించాలి.

హక్కును అడిగేవారు బాధ్యతను మరువరాదు. నడిచేదారిపైకి సరుకు పరచి వృద్ధులకు, బిడ్డనెత్తుకున్న తల్లులకు దారి లేకుండా చేయడం అన్యాయం. దారిలోని అడ్డంకిని తొలగించడం విశ్వాసంలో భాగమని ప్రవక్త (స) బోధించారు. మన బజారులో మనమే దానిని పాటిస్తే, ఆక్రమణ పేరిట అందరినీ తరిమే వాదనకు బలం తగ్గుతుంది.

కనుక ప్రతి అద్దె దుకాణదారుడు అద్దె రసీదులు, కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్సు భద్రపరచుకోవాలి. మస్జిద్ కమిటీలు, యువజన సంఘాలు నోటీసులను తెలుగులో, ఉర్దూలో చదివి వినిపించి, గడువులోగా అభ్యంతరాలు రాయించాలి. షట్టరు దిగిన తరువాత చేసే ధర్నా కన్నా, గడువు ముగియకముందు ఇచ్చే ఒక్క అర్జీకే బలమెక్కువ.