ఆన్ చేయగానే ఆరిపోయే కంప్యూటర్

ఇంట్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాల నుండి మేము తరచుగా వినే ఫిర్యాదు ఒకటి ఉంది. బటన్ నొక్కగానే లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, తెరపై విండోస్ గుర్తు కనిపించేలోపే అంతా ఆరిపోతుంది. దుకాణానికి తీసుకువెళితే మూత కూడా తీయకుండానే "మదర్‌బోర్డు పోయింది" అంటారు, లేదా "ఫార్మాట్ చేస్తే సరిపోతుంది" అంటారు. చాలా సందర్భాల్లో ఈ రెండూ తొందరపాటు మాటలే. అమ్మాయి ఇంటిపట్టున టైపింగ్ చేసి నాలుగు రూపాయలు సంపాదించే యంత్రం విషయంలో తొందరపాటు మాట ఖరీదైనదే.

మొదట చేయవలసింది సెకన్లు లెక్కపెట్టడం. బటన్ నొక్కినప్పటి నుండి ఆరిపోయే వరకు ఎంతసేపు పట్టిందో మూడు సార్లు చూసి కాగితం మీద వ్రాసుకోవాలి. అంతకు మించి ప్రయత్నించవద్దు. ఇలా హఠాత్తుగా ఆగిపోయిన ప్రతిసారీ హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లకు ప్రమాదమే.

ఒకటి రెండు సెకన్లలోనే ఆగిపోతే లోపల ఎక్కడో షార్ట్ అవుతున్నదని గానీ, కరెంటు తీగ సరిగా కూర్చోలేదని గానీ అనుమానించాలి. ప్రింటర్, పెన్ డ్రైవ్ వంటివన్నీ తీసివేసి, పాత యూపీఎస్‌ను కూడా పక్కన పెట్టి, నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించి చూడండి. ప్రతిసారీ కచ్చితంగా నాలుగైదు సెకన్లకే ఆగిపోతుంటే బటన్‌నే చూడాలి. బటన్‌ను సుమారు నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ బలవంతంగా ఆగిపోయే ఏర్పాటు దాదాపు అన్నింటిలోనూ ఉంటుంది. దుమ్ము, జిడ్డు పట్టి బటన్ లోపలే ఇరుక్కుపోతే ఎవరో నొక్కి పట్టుకున్నారని యంత్రం భావిస్తుంది. పిల్లలున్న ఇళ్లలో ఇది అరుదేమీ కాదు.

అర నిమిషమో రెండు నిమిషాలో నడిచి ఆగిపోతే వేడిని అనుమానించాలి. దీనికి తేలికైన పరీక్ష ఉంది. వెంటనే మళ్లీ ఆన్ చేస్తే మునుపటికంటే త్వరగా ఆగిపోయి, గంటసేపు చల్లారనిచ్చిన తరువాత ఎక్కువసేపు నడిస్తే అది వేడి లక్షణమే. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా చేరితే తనను తాను కాపాడుకోవడానికి యంత్రాన్ని ఆపివేస్తుంది. మా మదరసా కార్యాలయంలో జరిగింది ఇదే. జకాత్, సదకాల జమాఖర్చులున్న కంప్యూటర్ అది. రసీదు పుస్తకాలు ఉన్నాయి గనుక సొమ్ము లెక్క తప్పదు గానీ, అన్నీ తిరిగి ఎక్కించాలంటే వారాలు పడుతుంది. లెక్కల తనిఖీ చూస్తే దగ్గరపడింది. అది దాతలు మా చేతిలో పెట్టిన అమానత్ గదా! దుకాణదారు కొత్త మదర్‌బోర్డు కొనమన్నాడు. హార్డ్‌వేర్ పని నేర్చిన మా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి మూత తీశాడు. ప్రాసెసర్‌పై ఉండే ఫ్యాన్‌ను పట్టి ఉంచే నాలుగు ప్లాస్టిక్ పిన్నుల్లో ఒకటి ఊడి ఉంది. దాని కింది రేకుల మధ్య దుమ్ము దూదిలా పేరుకుంది. మెత్తని బ్రష్‌తో శుభ్రం చేసి, ఎండిపోయిన పాత పేస్టు తుడిచి కొత్తది రాసి, పిన్ను బిగించాడు. అంతే. వంటగది పక్కన కంప్యూటర్ పెట్టుకునే ఇళ్లలో ఆవిరి, నూనె జిడ్డు దుమ్ముతో కలిసి మరింత గట్టిగా పట్టేస్తాయి.

వేడి కాదని తేలితే ఎస్‌ఎంపీఎస్ వంతు వస్తుంది. గోడ నుండి వచ్చే కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చే ఇనుప డబ్బా అది. పాతబడినది తేలికపాటి పని వరకు నెట్టుకొస్తుంది, విండోస్ లోడ్ అయ్యే సమయాన భారం పెరగగానే చేతులెత్తేస్తుంది. మంచిదొకటి తాత్కాలికంగా తగిలించి చూడడమే నమ్మకమైన పరీక్ష. ప్లగ్ తీసివేసినా దాని లోపల ప్రమాదకరమైన విద్యుత్తు నిల్వ ఉంటుంది. ఆ డబ్బాను ఇంట్లో ఎవరూ విప్పకూడదు.

ఇక ఫార్మాట్ మాట. ఆన్ చేయగానే డిలీట్ గానీ ఎఫ్2 గానీ పదేపదే నొక్కితే సాధారణంగా బయోస్ తెర వస్తుంది. అక్కడ విండోస్ ప్రమేయం ఉండదు. పది నిమిషాలు అలాగే వదిలివేయండి. అక్కడా ఆగిపోతే దోషం పరికరాలదే, ఫార్మాట్ చేయడం వృథా. ప్రాసెసర్ వేడి ఎంత ఉందో చాలా కంప్యూటర్లలో ఆ తెరపైనే కనిపిస్తుంది.

రిపేరుకు ఇచ్చే ముందు మా సోదరీమణులు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటుంది. పెళ్లి ఫోటోలు, ఆధార్ నకళ్లు, బ్యాంకు కాగితాలు అన్నీ హార్డ్ డిస్క్‌లోనే ఉంటాయి. ప్లగ్ తీసివేసి, మూత తెరిచి, దానికున్న రెండు తీగలు ఊడదీసి, స్క్రూలు విప్పితే అది చేతికి వస్తుంది. ఇంట్లోని అబ్బాయిలు చేయగలిగిన పనే. డిస్క్ లేకపోయినా కంప్యూటర్ ఆన్ అవుతుంది, బయోస్ వరకు వస్తుంది. వేడి, ఎస్‌ఎంపీఎస్, బటన్ దోషాలు పట్టుకోవడానికి మెకానిక్‌కు అది చాలు. డిస్క్ లేనిదే చూడనని అతను అంటే మరో దుకాణానికి వెళ్లండి. సెకన్లు వ్రాసుకున్న ఆ కాగితం మాత్రం వెంట తీసుకువెళ్లండి.