దెబ్బను కోరిన ప్రార్థన

నిర్భయమగు దేశమును కోరుచు రవీంద్రకవి రచించి, 1901లో "నైవేద్యము"న ప్రకటించిన ప్రార్థన 1947తో నెరవేరినదని కొందఱు వాదించుచున్నారు. ఈ వాదమును మేమంగీకరింపజాలము.

ఆ పద్యమున ఆంగ్లేయుల పేరైనను లేదు. శత్రువును శిక్షింపుమని కవి వేడలేదు. స్వదేశమునే కఠినముగా దండించి మేలుకొలుపుమని పరమేశ్వరుని వేడెను. 1912 నాటి ఆంగ్ల గీతాంజలిలో ఆ దెబ్బ కానరాదు; మేలుకొలుపు మాత్రమే మిగిలినది. మనమును అట్లే దెబ్బను విడిచి పాటను పట్టుకొంటిమి.

పరప్రభుత్వము తొలగినది, భయము తొలగినదా? అధికారి యెదుట నోరు మెదపని పౌరుడు, కులమడిగి కూడు పెట్టు గృహస్థుడు, ఆచారము పేర ఆలోచనను చంపుకొను పండితుడు స్వతంత్రులా?

ఆగస్టు పండుగనాడు ఈ పద్యమును చదువువారు, తొలిదెబ్బ తమపైననే పడవలెనని కోరి చదువుదురు గాక!