ఊరుకుంటేనే ఊరేది

నోరున్నవాడిదే రాజ్యమని ఇప్పుడు అందరి నమ్మకం. వాట్సాప్ గ్రూపులో వెంటనే జవాబివ్వనివాడు పిరికివాడు. టీవీ చర్చలో ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగినవాడు ఓడిపోయినట్టే. దీనికి సామెతల సాక్ష్యం కూడా ఉంది: అడగందే అమ్మైనా పెట్టదు, మౌనం అర్ధాంగీకారం.

ఈ వాదం చేసేవాళ్లను సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట మెట్లబావి దగ్గరికి పిలుస్తాను. పదిహేడో శతాబ్దపు బావి అది. ఒకప్పుడు నాగన్నకుంట అన్న ఈ చోటికి 1933లో దాత సేఠ్ బన్సీలాల్ పేరు పెట్టారు. తర్వాత్తర్వాత బావి చెత్తకుండీ అయింది. 2021లో పూడిక తీయడం మొదలుపెట్టి, లారీలకొద్దీ చెత్తా మన్నూ ఎత్తిపోసి, 2022 డిసెంబరు 5న మళ్లీ తెరిచారు.

"ఎవరో నోరు విప్పబట్టే కదా బావి బతికింది!" అంటారు. నిజమే. కానీ నోరు విప్పడం వేరు, నోరు పారేసుకోవడం వేరు. బావి పూడిపోతున్నన్నాళ్లూ ఊళ్లో మాటలకు కరువొచ్చిందా? మున్సిపాలిటీని తిట్టే నోళ్లకు కొదవా? ఏ తిట్టూ తట్టెడు మన్ను ఎత్తలేదు.

బావి పూడిక తీయించినవాళ్లకు తెలుసు, అడుగు తేలగానే వచ్చేది బురదనీరే. కెలికినంతసేపూ బురదే. చేతులు కట్టుకుని ఒక రాత్రి ఆగితే మన్ను అడుక్కు దిగుతుంది, తెల్లారేసరికి ఊట తేటపడుతుంది. 'ఊరుకోవడం', 'ఊరడం' చెవికి ఒక్కలా తగలడం యాదృచ్ఛికమే కావచ్చు. మాటకైనా నీటికైనా వరస మాత్రం అదే.

ఇక అర్ధాంగీకారం సంగతి. ఈ పేటకు దగ్గర్లోని పెద్దాసుపత్రికి ఎవరి పేరుందో ఆ గాంధీ సోమవారాలు మౌనం పాటించేవారు. 1947 జూన్ 2 సోమవారమే. విభజన ప్రణాళిక పట్టుకుని కూర్చున్న మౌంట్‌బాటన్‌కు ఆయన పాత కవర్ల వెనక రాసి జవాబిచ్చారు. విభజన వద్దని అన్నాళ్లూ మొత్తుకున్న మనిషి ఆనాటి మౌనం, అంగీకారమేనా?

ఒక్కటి మాత్రం స్పష్టం చేయాలి. 'సప్పుడు జెయ్యక కూసో' అని కోడలికీ కూలికీ చెప్పే నీతి కాదిది. అది నోరు నొక్కడం. మాట పొదుపు నేర్చుకోవాల్సింది మైకు చేతిలో ఉన్నవాడు. వాడు కాసేపు ఊరుకుంటేనే వాళ్ల మాట బయటికి ఊరేది.